బస్తా నడిమి గింజ

నేను ఒక మచ్చు గొట్టాన్ని. కుట్టిన బస్తా కుట్టు విప్పకుండా గోనె పోగుల సందులోంచి లోపలికి దిగి, నడిమి గింజలు గుప్పెడు తెచ్చి వ్యాపారి అరచేతిలో పోసే ఇనప ముక్కని. బయల్దేరిన నాడు నా దగ్గర ఏమున్నదో ముందు చెపుతాను, ఆఖరికి ఏం మిగిలిందో చివర చెపుతాను. జానెడున్నర ఇనుము, ఒక మొన, ఒళ్ళు పొడుగునా తెరిచిన నోరు, బోలెడంత భయం. ఇదే నా పెట్టుబడి.

ఇనుముకి భయమేమిటి అంటారేమో. మీరు బస్తాని బయట నిలబడి చూస్తారు. నేను లోపలికి వెళ్ళాలి. పైన నిగనిగలాడే గింజలుంటాయి, నాలుగు వేళ్ళు దిగాక ఏముంటుందో ఎవరికీ తెలియదు. పురుగు ఉండవచ్చు, బూజు ఉండవచ్చు, మట్టిగడ్డలు ఉండవచ్చు. అన్నిటికంటే నాకు హడలు తడి. తడి తగిలితే నాకు తుప్పు, సరుక్కి చేటు. ఇన్నేళ్ళూ ప్రతి బస్తాలోకీ వణుకుతూనే దిగాను.

గుంటూరులో ఒక కమ్మరి పాత సైకిలు పంపు గొట్టాన్ని ఏటవాలుగా కోసి, సానబట్టి నన్ను చేశాడు. మొదట కొన్నవాడు బ్రహ్మయ్య అనే మినుముల వ్యాపారి. ఆయనకి నాతో పని నిజం తెలుసుకోవడానికి కాదు, వంక పెట్టడానికి. ఒక్క పుచ్చు గింజ దొరికేదాకా గుచ్చేవాడు. దొరికాక, "చూశావా!" అని రైతు ముక్కు కిందికి నన్ను తోసేవాడు. మనుషులు వెతికింది దొరికినప్పుడు ఎంత సంతోషపడతారో, అది పుచ్చు గింజైనా సరే, అప్పుడే నేర్చుకున్నాను.

బ్రహ్మయ్య దగ్గర పన్నెండేళ్ళు కాటా వేసినవాడు జెకర్యా. ముసలాయన కొట్టు ఎత్తేసినప్పుడు, "ఏం కావాలో అడగరా" అంటే, కాటా అడగలేదు, బల్ల అడగలేదు, నన్ను అడిగాడు. రేపల్లె రోడ్డు పక్క ఒక ఊళ్ళో ఇంటి ముందు గదిలోనే కొట్టు పెట్టాడు. ఆయన వాళ్ళ పేటలో తాతలందరూ మినుము కోసినవాళ్ళే గాని మినుము కొన్నవాడు ఆయనకి ముందు లేడు. అందుకే మొదట్లో రైతులు కొందరు ముఖం చిట్లించారు. "నువ్వు కూడా మా బస్తా గుచ్చేవాడివయ్యావంట్రా?" అన్నారు. జెకర్యా నవ్వేవాడు. "మీ మీద అనుమానం కాదు. మీరు చెప్పింది విన్నా, బస్తా చెప్పేది కూడా ఓ మాట విందాం." ఇలా అని గుచ్చేవాడు, తీసేవాడు, తర్వాత మొనతో పోగుల్ని రెండు సార్లు రుద్దేవాడు. చిల్లు పూడిపోయేది. నేను దిగినందువల్ల ఏ బస్తా పాడు కాలేదు. ఇది నా గొప్ప కాదు, గోనె స్వభావం.

ఆయన భుజాన ఒక గుడ్డ సంచి ఉండేది. అందులో ఆయన వాక్యపు పుస్తకం బైబిలు, పక్కన నేను. పొలాలకి వెళ్ళినా, ఆదివారం గుడికి వెళ్ళినా ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. వారమంతా నా మాట వినేవాడు, ఆదివారం దాని మాట వినేవాడు. మా ఇద్దరికీ ఎప్పుడూ తగాదా రాలేదు.

జెకర్యాకి భార్య రిబ్కమ్మ, ఒక్కతే కూతురు కెజియా. కెజియాకి తొమ్మిదో ఏట షుగరు వచ్చింది. పెద్దవాళ్ళకి వచ్చే రకం కాదు, బిళ్ళలతో పోయేది కాదు. తెనాలి డాక్టరు చెప్పింది ఒకటే: రోజుకి నాలుగుసార్లు వేలు గుచ్చి మిషనులో చూడాలి, చూసి ఇన్సులిన్ సూది వెయ్యాలి, బతికినంత కాలం. కొట్టుకీ ఇంటికీ మధ్య గుమ్మం పక్కన మేకుకి నన్ను తగిలించేవారు. అక్కణ్ణించి రెండు లోకాలూ కనపడేవి. ఇటు బస్తాలు గుచ్చడం, అటు పిల్ల వేలు గుచ్చడం.

"నానా, నేనేమన్నా మినప బస్తానా, పూటపూటకీ గుచ్చుతావు?" అనేది కెజియా.

"బస్తాకైతే ఒక్కసారే తల్లీ. నువ్వు అంతకంటే విలువైన సరుకు" అనేవాడు జెకర్యా. అని పక్కకి తిరిగి కండువాతో కళ్ళు ఒత్తుకునేవాడు.

రెండేళ్ళు గడిచాయి. మార్చి నెలలో మినుములు ఇళ్ళకి చేరే రోజుల్లో, మా ఊరి బడి మైదానంలో స్వస్థత కూడికలు పెట్టారు. శుక్ర, శని, ఆది. ఎక్కడినుంచో పెద్ద ప్రసంగీకుడు వచ్చాడు. పందిరి, మైకులు, కీబోర్డు, చుట్టుపక్కల ఊళ్ళ జనం. శనివారం సాయంత్రం జెకర్యా కెజియాని వేదిక దగ్గరికి తీసుకెళ్ళాడు. నేను సంచిలో ఉన్నాను. ప్రసంగీకుడు పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. అంతా పాడుతున్నారు. జెకర్యా మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. రెండేళ్ళుగా పక్కకి తిరిగి తుడుచుకున్న కన్నీళ్ళన్నీ ఆ సాయంత్రం కట్ట తెగినట్టు వచ్చాయి. సంచి మీద పడి, గుడ్డలోంచి దిగి నా ఒంటికి తగిలాయి. తడి అంటే నాకు హడలని చెప్పాను కదా. ఆ తడికి మాత్రం భయపడలేదు. అది అసలు సిసలు సరుకు. ఆ మనిషి తన దేవుడి ముందు నిజంగానే ఏడ్చాడు. ఈ లెక్కలో దాన్ని నేను ఎక్కడా తగ్గించను.

భయం మర్నాటి పొద్దున మొదలైంది.

"నానా, ఇవాళ వద్దు. దేవుడు బాగు చేశాడుగా" అంది కెజియా వేలు వెనక్కి దాచుకుని.

జెకర్యా మిషను చేతిలో పట్టుకుని పిల్లకేసి చూశాడు. పిల్ల ముఖం వెలిగిపోతోంది. మిషను పెట్టెలో పెట్టేశాడు. "అవునే తల్లీ! నాకంటే నీకే విశ్వాసం ఎక్కువుంది."

వంటింట్లోంచి రిబ్కమ్మ వచ్చింది. "సూది వద్దంటే వద్దు, చూడటానికేం? ఓసారి చూస్తే పోలా?"

"చూడటమంటేనే అనుమానించడం రిబ్కా. ఇచ్చినాయన మొహం మీదే నోటు తిప్పి తిప్పి చూసినట్టుంటది."

మేకుకి వేలాడుతూ నేను ఈ మాట విన్నాను. ఇరవై ఏళ్ళుగా నాతో బతుకుతున్న మనిషి నోట్లోంచి వచ్చిన మాట. నా కడుపులో ఉన్న నాలుగు మినప గింజలు కూడా చల్లబడ్డాయి.

ఆ రోజు కెజియా బాగానే ఉంది. గెంతింది, బూరెలు తింది. సాయంత్రం ఆఖరి కూడికలో జెకర్యా వేదికెక్కాడు. ప్రసంగీకుడు మైకు అందించి, "సూది వేశారా ఇవాళ?" అని అడిగాడు.

"లేదయ్యా. పొద్దుణ్ణించీ లేదు. నా బిడ్డకి సంపూర్ణ స్వస్థత కలిగింది!"

మైదానమంతా హల్లెలూయ అంది. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకి మైకు వినపడింది. ఇన్ని బస్తాలు చూసినదాన్నిగా చెపుతున్నాను, అంత పెద్ద మాట ఒక్క రోజు సరుకు చూసి చెప్పకూడదు. కాని ఎవరితో చెప్పను? నాకున్నది నోరే, గొంతు లేదు.

సోమవారం పొద్దున్నే ప్రసంగీకుడు ఇంకో ఊరికి వెళ్ళిపోయాడు. పందిరి విప్పారు. కెజియా బడి నుంచి త్వరగా వచ్చేసింది. అమ్మ చూడకుండా పెరట్లో కుళాయి దగ్గర చెంబు మీద చెంబు తాగడం గుమ్మం పక్కనుంచి నాకు కనపడింది. తాగి, మూతి తుడుచుకుని, నవ్వుముఖం పెట్టుకుని లోపలికి వచ్చింది. మళ్ళీ పావుగంటకి పెరట్లోకి. మళ్ళీ చెంబు. పక్కింటి పిల్ల, "ఏమే, ఎడారిలో తిరిగొచ్చావా?" అంటే, "ష్! మా నాన్న మైకులో చెప్పాడుగా" అంది.

పదకొండేళ్ళ పిల్ల. తండ్రి మాట పోకూడదని దాహాన్ని దాచుకుంటోంది. నేను ఎన్నో బస్తాల నడుమ ఎన్నో చూశాను గాని, ఒళ్ళు ఇంత జలదరించేది చూడలేదు.

సాయంత్రం రిబ్కమ్మ పెరట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "బాత్రూము తూము దగ్గర చీమలు బారు కట్టినయ్."

జెకర్యాకి అర్థమైంది. రెండేళ్ళ కిందట జబ్బు మొదట బయటపడింది మూత్రంలో దిగే చక్కెరకి పట్టిన ఆ చీమలతోనే. ముఖంలో నెత్తురు లేదు. అయినా అన్నాడు: "అది శోధన, మన విశ్వాసానికి పరీక్ష. నిలబడాలి."

"నిలబడేది మీరు. పడుకునేది అది."

"నాలుగు ఊళ్ళ ముందు సాక్ష్యం చెప్పా రిబ్కా. ఇప్పుడు సూది వేస్తే అది అబద్ధ సాక్ష్యం అయిద్ది. దేవుడి పేరు మీద అబద్ధమాడినవాణ్ణి అయితా."

అదీ ఆయన ఇరుక్కున్న చోటు. పిల్ల మీద ప్రేమ లేక కాదు, పరువు కోసమే కూడా కాదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోని వ్యాపారి ఆయన. ఒకసారి బేరం ఒప్పుకున్నాక ధర పడిపోయినా సరుకు వదల్లేదు. ఆ నిజాయితీయే ఇప్పుడు పిల్ల గొంతు మీద కూర్చుంది. ఇన్సులిన్ సీసా పారెయ్యమని ఆయన ఆదివారమే చెప్పాడు. రిబ్కమ్మ దాన్ని ఫ్రిజ్‌లో చింతపండు డబ్బా వెనక పెట్టింది. అది నాకూ ఆవిడకీ మాత్రమే తెలుసు.

మంగళవారం పొద్దున కెజియా చాప మీంచి లేవలేదు. రెండుసార్లు వాంతి చేసుకుంది. కడుపునొప్పి అంది. ఊపిరి లోతుగా, పెద్దగా తీస్తోంది, ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చినట్టు. జెకర్యా పక్కన మోకాళ్ళూని ప్రార్థిస్తున్నాడు. మాటలు అయిపోయి ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

బయట ట్రాలీ ఆటో ఆగింది.

"జెకర్యా! ఓ జెకర్యా! సరుకు తెచ్చినా!"

అంకమ్మరావు. పక్క ఊరి రైతు, అరవై దాటినవాడు. ఆటో ఆయన సొంతమే. రిబ్కమ్మ గుమ్మంలోంచి బయటికి చూసి, భర్తతో, "మీరు పొండి. ఆయన మీ కోసమే ఎదురు చూస్తున్నాడు" అంది. ఎందుకలా పంపిందో నాకు అప్పుడు తెలియలేదు. బహుశా ఆవిడకి కూడా తెలియదు. ఆ గదిలో ఆయన లేని ఒక్క నిమిషం కావాలనుకుందేమో.

జెకర్యా మరబొమ్మలా లేచి, నన్ను మేకు మీంచి తీసుకుని వెళ్ళాడు.

అంకమ్మరావు నన్ను చూసి పకపకా నవ్వాడు. "ఇంకా ఈ ముల్లు ఎందుకయ్యా నీకు? మొన్న నీ సాక్ష్యం మా ఊరి రచ్చబండ దాకా వినపడింది. అంత నమ్మకం గలోడివి, నా బస్తాలు గుచ్చకుండా తీసుకోలేవా? కల్లంలో నా చేత్తో తూర్పారబట్టినా. ఒక్క గింజ తేడా ఉంటే నా పేరు మార్చుకుంటా."

జెకర్యా మనసు లోపల చాప దగ్గర ఉంది. కాని చేతికి అలవాటుంది. ఆ చెయ్యే నన్ను బస్తాలోకి దింపింది. మొదటి నాలుగు వేళ్ళూ మంచి మినుము. ఇంకా దిగాను. నడుమకి వెళ్ళేసరికి ఒళ్ళంతా చెమ్మ. ముక్కిన వాసన. గింజలు ఉబ్బి అంటుకుపోతున్నాయి. నేను భయంతో బిగుసుకుపోయాను. ఆయన బయటికి లాగి అరచేతిలో పోసుకున్నాడు. చూశాడు. ఇంకో బస్తా. అదీ అంతే.

అంకమ్మరావు ముఖం పాలిపోయింది. "నా బిడ్డల మీద ఒట్టు జెకర్యా. నాకు తెలవదు. వసారాలో పెట్టినా. పైకప్పు కారి, పైపైన ఆరిందేమో... నేను నిన్ను మోసం చేసేవాణ్ణా?"

"మోసం అని నేను అన్లా బాబాయ్." జెకర్యా గొంతు అలిసిపోయి ఉంది. ఇన్నేళ్ళుగా ఎందరికో చెప్పిన మాటే, తలలో ఆలోచన లేకుండానే నోట్లోంచి వస్తోంది. "నువ్వు బాగుందనుకునే చెప్పావు. అది అబద్ధం కాదు. నడుమ తడిసిందని చూశాక కూడా బాగుందంటే, అదీ అబద్ధం."

"ఆ మాట ఇంకోసారి అనండి."

రిబ్కమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేతిలో షుగరు మిషను, ఇంకో చేతిలో సీసా.

"ఆ మాటే. అంకమ్మరావు బాబాయితో అన్నది. లోపలికొచ్చి మీ కూతురితో అనండి. లేదంటే చేతిలో ఉన్న ఆ గొట్టాన్ని ఇప్పుడే పెంటలో పారేసి రండి."

జెకర్యా అరచేతిలోని ఉబ్బిన గింజలకేసి చూశాడు. గింజల్ని కింద పారబోశాడు. నన్ను కూడా కింద పడేసి లోపలికి పరుగెత్తాడు.

నేలమీద పడి ఉన్న నాకు వినపడింది ఇంతే. మిషను మూత తీసిన చప్పుడు. "అమ్మా, కెజియా, వేలియ్యి తల్లీ." ఆ తర్వాత పిల్ల సన్నటి గొంతు: "నానా, నీ సాక్ష్యం పోతదేమో."

"పోనీ" అన్నాడు జెకర్యా. "పోతే పోనీ."

మిషను అంకె చూపించలేదట. తనకి తెలిసిన అంకెలన్నీ దాటిపోయినప్పుడు చూపే రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపించిందట. రిబ్కమ్మ సూది వేసింది. అంకమ్మరావు అప్పటికే తన బస్తాల్ని ఆటోలోంచి రోడ్డు మీదికి దొర్లించేస్తున్నాడు. "ఎక్కండి! తెనాలి ఎంతసేపు! ఎక్కండయ్యా!" పోతూ పోతూ, సంచి అవసరమనుకున్నాడో ఏమో, నన్ను తీసి అందులో పడేసి జెకర్యా ఒళ్ళో పెట్టాడు.

ఆ ప్రయాణం గురించి ఎక్కువ చెప్పలేను. సంచిలో వాక్యపు పుస్తకానికి ఆనుకుని ఉన్నాను. ఇద్దరం ఆయన గుండె చప్పుడు వింటూ ఉన్నాం. దానికీ భయమేసిందో లేదో అడగలేదు.

మూడు రోజులు ఆసుపత్రి. మొదటి రోజు డాక్టరు, "ఇంకో పూట ఆలస్యమైతే" అని, మిగతాది మింగేశాడు. ఆ మింగిన సగం మాట జెకర్యా మీద కొండలా కూర్చుంది. రెండో రోజు మధ్యాహ్నం కెజియా కళ్ళు తెరిచి ఇడ్లీ అడిగింది. అప్పుడు వరండాలో బల్ల మీద ఆయన తల పట్టుకుని అన్నాడు:

"నేను దేవుణ్ణి నమ్మా రిబ్కా. అది తప్పా?"

"దేవుణ్ణి నమ్మారు. శనివారం మీరు ఏడుస్తుంటే నేనూ ఏడ్చా. దాన్ని నేను కాదన్లా." రిబ్కమ్మ ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చింది. "ఆదివారం నాటికి మాత్రం మీ సంతోషమే దేవుడైంది. తల కూడా ఆయనిచ్చిందే గదండీ. గుచ్చి చూడమని చెయ్యి పట్టి నేర్పింది ఆయన కాదా? మినుములకి వాడిన తల బిడ్డకి వాడితే ఆయనకి కోపమొచ్చిద్దా?"

జెకర్యా టీ తాగలేదు. సంచిలో చెయ్యి పెట్టాడు. పుస్తకం కోసమో, నా కోసమో. వేళ్ళు ఇద్దరికీ తగిలాయి.

ఆదివారం గుళ్ళో సాక్ష్యాల సమయం వచ్చింది. మా గుడి పాస్టరు కృపావరం అయ్యగారు, "ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. జెకర్యా లేచాడు. నేను సంచిలోంచి వింటున్నాను. బస్తాలోకి దిగేముందు నాకు ఎలా ఉంటుందో, అప్పుడు ఆయనకి అలా ఉంది.

"పోయిన ఆదివారం నేనొక మాట చెప్పా. బస్తా గుచ్చకుండా చెప్పా. నా బిడ్డకి జబ్బు పోలేదు. మిషనులో చూడకుండా రెండు రోజులు ఉన్నా. బిడ్డ చావు దాకా వెళ్ళొచ్చింది. తెలియక చెప్పినప్పుడు అది అబద్ధం కాదు. ఇవాళ చెప్పకపోతే అబద్ధమైద్ది. మందులు మానుకోమని దేవుడు నాతో చెప్పలేదు. నేనే అనుకున్నా. బిడ్డని ఆయన నాకు తిరిగి ఇచ్చాడు. ఇన్సులిన్‌తో ఇచ్చాడు, అంకమ్మరావు ఆటోతో ఇచ్చాడు. అదే నా సాక్ష్యం."

హల్లెలూయ అనలేదు ఎవరూ. వెనక బెంచీలో ఒకాయన, "విశ్వాసం చాల్లేదు, అంతే" అని గొణిగాడు. ఇంకొకరు, "మైకులో చెప్పేముందు ఉండాలి ఆ బుద్ధి" అన్నారు. రెండో మాట నిజమే కనక జెకర్యా తల వంచుకున్నాడు. కృపావరం అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "ఇంకా ఎవరైనా ఉన్నారా?" అని మాత్రం అన్నాడు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర ఒక ముసలావిడ జెకర్యా చెయ్యి పట్టుకుంది. పేటలో అందరూ మార్తమ్మత్త అంటారు. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అబ్బాయా, నీ మాట మైకులో విని బీపీ బిళ్ళలు నేనూ మానేసినా. వారం రోజులైంది. తల తిరుగుతా ఉంది. ఎవరితో చెప్పాలన్నా భయమేసింది."

జెకర్యా ముఖం చూడాల్సింది. మళ్ళీ నెత్తురు లేదు. తన మాట ఎంత దూరం పోయిందో, ఎవరెవరి ఇళ్ళల్లో దిగిందో అప్పుడు తెలిసింది ఆయనకి. ఇంటికి కూడా వెళ్ళకుండా ఆమెని అక్కణ్ణించే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ వారమంతా మినుముల పని మాని, ఆ సాయంత్రం మైదానానికి వచ్చినవాళ్ళ ఇళ్ళకి ఒక్కొక్కటిగా వెళ్ళి అడిగాడు: "ఏమన్నా బిళ్ళలు మానేశారా?" కొందరు తలుపు వేశారు. ఇద్దరు బయటికి వచ్చి, మానేశామని ఒప్పుకున్నారు.

ఇదంతా జరిగి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు గింజలో చెమ్మ చూసే కరెంటు మిషను వచ్చింది. నా మొన అరిగింది, నోరు కాస్త విచ్చుకుంది. బస్తాల్లోకి వెళ్ళి మూడేళ్ళవుతోంది. మేకు మాత్రం నాదే. అక్కణ్ణించి రోజూ పొద్దున కొట్టు తెరవకముందు ఒకటి చూస్తాను. కాలేజీకి తయారైన కెజియా చాప మీద కూర్చుంటుంది. జెకర్యా పక్కన మోకాళ్ళూని ప్రార్థిస్తాడు. ఇప్పటికీ ఏడుస్తాడు, ఆ ఏడుపు తగ్గలేదు. ఏడుపయ్యాక కళ్ళు తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు గుచ్చి, మిషను కేసి చూస్తాడు. పిల్ల తనే చూసుకోగలదు. అయినా ఆ పొద్దుటి చుక్క ఆయనకి వదిలేసింది. ఒకప్పుడు స్తోత్రం ముందే చెప్పేవాడు. ఇప్పుడు అంకె చూశాక చెపుతాడు. ఎక్కువొస్తే కూడా చెపుతాడు, తక్కువొస్తే కూడా చెపుతాడు, చెప్పి సీసా అందుకుంటాడు.

ఇక లెక్క. తెచ్చుకున్న ఇనుములో కొంత అరిగింది. మొన పోయింది. భయం ఇంకా ఉంది. అంకె వచ్చేదాకా ఆ అయిదు క్షణాలూ నేనూ ఆయనా కలిసే భయపడతాం. మిగిలింది చాప మీద కూర్చుని, "ఎంతొచ్చింది నానా?" అని అడిగే ఒక ఆడపిల్ల.